లాయర్‌పేట జిరాక్స్ షాపు: చార్జిషీట్ కాపీలు చేతికొచ్చినవాళ్లు ముందు ఇక్కడికి వెళ్లండి

ఒంగోలు లాయర్‌పేటలో ఒక సందు మొదట్లో ఉండే చిన్న జిరాక్స్ షాపు గురించి రాస్తున్నాను. బోర్డు ఎండకి వెలిసిపోయింది, షట్టర్ పక్కన వేపచెట్టు ఉంటుంది, అదే గుర్తు. రెండు మిషన్లు, ఒక స్కానర్, నడిపేది యాభై దాటిన ఒక అక్క. పేజీ రెండు రూపాయలు. ఇంతకన్నా తక్కువకి తీసేవాళ్లు ఊళ్లో ఉన్నారు, అయినా కోర్టు కాగితాలు మాత్రం ఇక్కడికే తీసుకెళ్లమంటాను.

మా బావమరిది టంగుటూరు వైపు పొగాకు రైతు. చేను గట్టు దగ్గర గొడవైంది, కొట్టుకున్నారు, కేసులో వాడు ఏ2, అంటే రెండో నిందితుడు. ఏ స్టేషనో, ఏ కోర్టో రాయను. చార్జిషీట్ పడ్డాక మొదటి వాయిదాకి వెళ్తే కాపీల కట్ట చేతిలో పెట్టి, ముట్టినట్టు సంతకం పెట్టించుకున్నారు. అంతకుముందే ఒక కానిస్టేబుల్ ‘నీ సెట్టు నువ్వే జిరాక్స్ తీయించుకురా’ అంటే మావాడు డబ్బులు పెట్టి తీయించి ఇచ్చాడు కూడా. ఆ టెన్షన్‌లో కట్ట విప్పి చూసినవాళ్లు లేరు. లాయర్ గారికొక సెట్టు, మాకొక సెట్టు కావాలని నేను ఈ షాపుకి పట్టుకెళ్లాను.

ఆ అక్క కట్టని నేరుగా మిషన్‌లో పెట్టలేదు. ట్యాగు విప్పి, పెన్సిల్‌తో ప్రతి కాగితం మూలన నంబరు వేసుకుంటూ వెళ్లింది. చార్జిషీట్‌లో సాక్షుల జాబితా ఉంటుంది కదా, ఎల్‌డబ్ల్యూ (జాబితాలోని సాక్షి) 1 నుంచి 9 దాకా, ఆ పేజీ పక్కన పెట్టుకుని ఒక్కో స్టేట్‌మెంట్‌కీ టిక్కు పెట్టుకుంటూ వచ్చి ఆగిపోయింది. ‘అన్నా, ఆరో సాక్షిది యాడుంది?’ అంది. మళ్లీ మొదట్నుంచీ తిరగేశాం, లేదు. తర్వాత వూండ్ సర్టిఫికెట్, అంటే దెబ్బల గురించి డాక్టరు ఇచ్చే కాగితం తీసి నా ముందు పెట్టి కింద కుడి మూల వేలు పెట్టి చూపించింది. అక్కడ చిన్నగా పీటీఓ, అంటే వెనక్కి తిప్పి చూడండి అని ఉంది. ‘ముందువైపు ఒక్కటే తీశారన్నా. దెబ్బ సింపులా (మామూలుదా), గ్రీవియస్సా (తీవ్రమైనదా) అని డాక్టరు గారు రాసింది వెనకవైపు ఉండుద్ది.’

నాకు చెమటలు పట్టాయి. సంతకం పెట్టేశాం కదా, ఇంకేం చేస్తామనుకున్నాను. లాయర్ గారు మాత్రం నింపాదిగా, ఇది మనం అడుక్కునేది కాదు, వాళ్లు ఇచ్చి తీరాల్సింది అన్నారు. కాపీలు ఇవ్వాలన్న రూలు పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో 207 సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 230 సెక్షన్. నిందితుడు కోర్టులో హాజరైన రోజు నుంచి 14 రోజులు దాటకుండా ఎఫ్ఐఆర్, చార్జిషీట్, సాక్షుల స్టేట్‌మెంట్లు, వాటితో పెట్టిన డాక్యుమెంట్లు అన్నీ మేజిస్ట్రేట్ గారు ఉచితంగా ఇప్పించాలి. ఉచితంగా అన్న మాట చట్టంలోనే ఉంది, అంటే మావాడు పెట్టిన జిరాక్స్ డబ్బులు అసలు పెట్టాల్సినవే కాదు. ఈ అక్క కూడా వచ్చినవాళ్లకి అదే చెప్తుంది, ‘మొదటి సెట్టుకి మీరు పెట్టబాకండి, ఎగస్ట్రా సెట్లు కావాలంటే నా దగ్గరికి రండి’ అని. తన బేరం పోతుందని తెలిసీ చెప్తుంది.

పిటిషన్ వేశాం, తర్వాతి వాయిదాకి రెండూ వచ్చాయి. మావాడు కొట్టాడని రాసిన దెబ్బ సింపుల్ అని డాక్టరు గారు రాశారు. ఆరో సాక్షి తాను గొడవ అయ్యాక వచ్చానని, ఎవరు ఎవర్ని కొట్టారో చూడలేదని చెప్పాడు. ఆ రెండు కాగితాలు లేకుండా విచారణ మొదలైపోయి ఉంటే అనుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇంకొకటి ఉంది, ఇది చాలామందికి తెలియదు. 230 కింద వచ్చేది పోలీసులు తమ కేసుకి వాడుకునే కాగితాలే. దర్యాప్తులో తీసుకుని పక్కన పెట్టేసినవి ఉంటాయి కదా, ఆ స్టేట్‌మెంట్లు, డాక్యుమెంట్లు, వస్తువులు ఏమేం ఉన్నాయో ఒక జాబితా కూడా నిందితుడికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2022లో మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్ తీర్పులో మళ్లీ గట్టిగా చెప్పింది. మా కేసులో ఒక కుర్రాడు ఫోన్లో వీడియో తీశాడు, పోలీసులు అది తీసుకున్నారని ఊరంతా తెలుసు, చార్జిషీట్‌లో దాని ఊసే లేదు. ఆ జాబితా ఇమ్మని ఇప్పుడు అడిగాం, అందులో వీడియో కనపడితే అదే బీఎన్ఎస్ఎస్‌లో 94 సెక్షన్ కింద దాన్ని తెప్పించమని కోర్టుని అడుగుతాం. మెమరీ కార్డులో ఉన్నది కూడా డాక్యుమెంటే అని మలయాళ నటుడు దిలీప్ నిందితుడిగా ఉన్న, ఒక నటిపై దాడి కేసులో సుప్రీంకోర్టు 2019లోనే తేల్చింది. బాధితురాలి ప్రైవసీ విషయం కాబట్టి ఆ కేసులో వీడియో కాపీ చేతికివ్వలేదు, దాన్ని చూడ్డానికి మాత్రం ఒప్పుకున్నారు, అది న్యాయమే.

షాపులో ఇబ్బందులూ ఉన్నాయి. కూర్చోవడానికి బల్ల లేదు, కరెంటు పోతే ఆగాల్సిందే, పది దాటితే లాయర్ల గుమస్తాలతో నిండిపోతుంది. ఒక్కో కాగితం చూసి తీస్తుంది కాబట్టి వంద పేజీల కట్టకి గంట పైనే పట్టింది. స్కాన్ చేసినవి పెన్‌డ్రైవ్‌లో వేశాక తన కంప్యూటర్లో ఉన్న కాపీ మన ఎదురుగానే డిలీట్ చేస్తుంది, వాట్సాప్‌లో పంపమంటే పంపదు. అది నాకు బాగా నచ్చింది, కేసు కాగితాల్లో ఎంతమంది పేర్లు, అడ్రసులు ఉంటాయో కట్ట విప్పితే గానీ తెలియదు.

అయిదుకి అయిదు ఇస్తున్నాను. వాయిదా రోజు కాకుండా ముందు రోజు సాయంత్రం వెళ్లండి, తీరిగ్గా చూస్తుంది. ఆ జాబితా వస్తే మేమూ ముందు అక్కడికే పట్టుకెళ్తాం.