హాస్టలా, విదేశీ కుటుంబమా?

విశాఖలో మా క్రైస్తవ సంఘం నుంచి జర్మనీకి చదువుకు వెళ్లే పిల్లలు, అక్కడ హాస్టల్‌లో ఉండాలా, ఒక కుటుంబంతో వాళ్లింట్లో ఉండాలా అని అడుగుతుంటారు. హాస్టల్‌లో స్వేచ్ఛ ఎక్కువ. నలుగుర్ని పిలిచి ప్రార్థన పెట్టుకున్నా ఎవరూ ఏమనరు.

ఇంట్లో అలా కుదరదు. మన కోపం, బద్ధకం, అంట్లు తోమే తీరు అన్నీ వాళ్ల కళ్లెదుటే. నేనున్న ఇంట్లో భోజనానికి ముందు కళ్లు మూసుకుంటే చిన్నపాప చెంచా ఆపి చూసేది. మూడో వారం, "ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది. అప్పుడే చెప్పాను, అదీ వాళ్లమ్మ వైపు చూసి, ఆమె తలూపాక. అడగకుండా బోధిస్తే ఆతిథ్యానికి అన్యాయం. బైబిల్లో లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు చెప్పిందీ ఒకే ఇంట్లో ఉండి, పెట్టింది తినమనే. 1805లో విశాఖకొచ్చిన మిషనరీలు క్రాన్, డిగ్రాంజిస్ కూడా తెలుగు నేర్చుకున్నారు. మనమూ వెళ్లిన చోటి భాష నేర్చుకోవాలి, అది ఆ ఇంటి అన్నం దగ్గరే త్వరగా వస్తుంది.

నేనైతే మళ్లీ అలాంటి కుటుంబం ఇంటికే వెళ్తాను, మాడుగుల హల్వా డబ్బా పట్టుకుని.