ఓక్ యాలీ చూస్తే విట్నీ కూడా చూడండి

న్యూ ఆర్లీన్స్ వెళ్లినవాళ్లు చాలామంది ఊరి పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్ చూసుకుని వెనక్కి వచ్చేస్తారు. హ్యూస్టన్ నుంచి కారులో వచ్చే మన తెలుగువాళ్లదీ అదే వరస. వీలైతే ఇంకో రోజు కలుపుకోండి. దాదాపు గంట ప్రయాణంలో, మిసిసిపీ నది ఒడ్డున వాషెరీ అనే ఊళ్లో ఓక్ యాలీ అనే పాత చెరకు తోట భవంతి ఉంది.

నది వైపు నుంచి ఇంటి దాకా రెండు వరసల్లో 28 ఓక్ చెట్లు, ఇంటి చుట్టూ 28 స్తంభాలు. చెట్లు ఇంటికంటే చాలా పాతవి. ఇంటిని 1837-39 మధ్య చెరకు తోటల యజమాని జాక్ రోమన్ కట్టించాడు. ఇటుకలు చేసి, గోడలు లేపింది మాత్రం బానిసలు.

లోపల నన్ను ఆపేసింది భోజనాల గది. బల్ల మీద పెద్ద చెక్క పంఖా వేలాడుతుంది. యజమానులు తింటున్నంతసేపూ ఒక బానిస పిల్లవాడు మూలన నిలబడి దాని తాడు లాగాలి. మన దేశంలో తెల్లదొరల బంగళాల్లో పంఖాలు లాగినవాళ్లు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ఆంట్వాన్ గురించి తప్పకుండా అడగండి. 1840లలో పెకాన్ అనే గింజల చెట్టుకు అంటు కట్టి నిలబెట్టిన బానిస తోటమాలి ఆయన. ఆ రకం కాయకి 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. 1848 నాటి ఆస్తుల జాబితాలో మాత్రం ఆయన పేరు పక్కన ఉన్నది ధర: 1,000 డాలర్లు. ఇంటి వెనక మళ్లీ కట్టిన బానిసల గుడిసెల్లో ఇలాంటి పేర్లు గోడ మీద రాసి పెట్టారు. టూర్ అయ్యాక జనం ఫోటోల కోసం చెట్ల కిందికి పరుగు తీస్తారు. మీరు ముందు గుడిసెల వైపు వెళ్లండి.

1972 నుంచి దీన్ని ఒక ఫౌండేషన్ నడుపుతోంది. ఆవరణలో కాటేజీలు అద్దెకిస్తారు. సందర్శకులు వెళ్లిపోయాక చెట్ల కింద తీరిగ్గా తిరగొచ్చు, అందుకే ఖర్చయినా రాత్రి బస మంచిదంటాను. తిండి లూసియానా పద్ధతి. రాజ్మా లాంటి రెడ్ బీన్స్‌లో కూడా చాలాచోట్ల మాంసం పడుతుంది, శాకాహారులు అడిగి తినాలి. పులిహోర కట్టుకెళితే నిశ్చింత.

ఇక్కడ పెళ్లిళ్లు కూడా జరుగుతాయి. భవంతి నిలబడాలంటే డబ్బు కావాలి, నిజమే. అయినా ఆ గుడిసెల పక్కన పెళ్లి సంబరం చేసుకోవడం నాకు మింగుడుపడదు.

కారులో అరగంటలోపే విట్నీ ప్లాంటేషన్ అనే మరో పాత తోట వస్తుంది. 2014లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ కథంతా బానిసలదే, పెళ్లిళ్లు ఉండవు. లూసియానాలో బానిసలుగా బతికిన లక్షమందికి పైగా పేర్లు రాతి పలకల మీద చెక్కారు. అన్నీ చదవలేం, కొన్నయినా పైకి చదవండి. పిల్లలకు కాస్త వివరించి తీసుకెళ్లండి. తిరగాల్సింది ఎక్కువగా ఆరుబయటే, నీడ తక్కువ. పొద్దున్నే విట్నీ, మధ్యాహ్నం ఓక్ యాలీ పెట్టుకుంటే వేసవిలో ఎండ దెబ్బ తగలదు.