సీరియం ఆక్సైడ్ పాలిష్, కారు ముందు అద్దం: చాలాకాలం వాడాక నా రివ్యూ

అద్దాన్ని పాలిష్ చేసే ఈ సీరియం ఆక్సైడ్ పొడిని కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి ముందే చెప్పేస్తాను, ఇది నిజంగానే పనిచేస్తుంది. కాకపోతే ఇది కొనాలని వెతుకుతున్న చాలామందికి అసలు ఇది అవసరమే లేదు. రాత్రిపూట ఎదురుగా వచ్చే బండి లైట్లు అద్దమంతా పరుచుకుని ఏమీ కనపడటం లేదంటే, అద్దం గీసుకుపోయిందని అనుకుంటాం. ఎక్కువసార్లు అది గీత కాదు, జిడ్డు.

తేల్చుకోవడం పెద్ద పనేం కాదు. అద్దాన్ని షాంపూతో శుభ్రంగా కడిగి మంచినీళ్లు పోయండి. నీరు ఒకే పరదాలా జారితే అద్దం శుభ్రంగా ఉన్నట్టు. అక్కడక్కడా తెగిపోయి, చుక్కలు కట్టి, కొన్నిచోట్ల అంటుకుని కొన్నిచోట్ల అంటకుండా ఉంటే పైన ఏదో పొర ఉన్నట్టు. అది ముందు బండ్ల పొగ కావచ్చు, కార్ వాష్‌లో కొట్టిన వ్యాక్స్ కావచ్చు. మీరే వాన కోటింగ్ వేసుకుని ఉంటే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, అది నీటిని చుక్కలు కట్టించడానికే ఉంది. ఇంకొకటి, పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చేయి పెట్టి కడిగిన అద్దాన్ని నెమ్మదిగా నిమరండి. ఉత్త వేళ్లకు తెలియని గరుకుదనం కవర్ మీదుగా బాగా తెలుస్తుంది. గరుగ్గా ఉంటే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి మట్టి ముద్ద లాంటిది) సరిపోతుంది, అదీ అద్దాన్ని బాగా తడిగా ఉంచి. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిస్తే మిగిలిన వ్యాక్స్ పోతుంది. చాలా అద్దాల కథ ఇక్కడితో అయిపోతుంది.

లోపలి వైపు సంగతి ఎవరూ పట్టించుకోరు. రాత్రి కనిపించే మసకలో పెద్ద వాటా లోపలిదే. డాష్‌బోర్డ్ ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపే ప్లాస్టిసైజర్లు ఎండ వేడికి ఆవిరై అద్దం మీద పల్చగా పేరుకుంటాయి, కొత్త కారులో ఇది ఇంకా ఎక్కువ. ఆ పొర పగలు కనపడదు, సూర్యుడు కిందికి దిగినప్పుడో ఎదురు లైట్లు పడినప్పుడో బయటపడుతుంది. డాష్‌బోర్డ్ వైపు కింది మూలలు తుడవడం చిరాకు పని, అరచెయ్యి అక్కడ పట్టదు. గుడ్డని చేతి వెనక వైపు కప్పి, అరచెయ్యి పైకి పెట్టి తోస్తే మూల దాకా వెళ్తుంది. ఒక గుడ్డ కొద్దిగా తడిగా, వెంటనే ఇంకొకటి పొడిగా. లోపల నిలువుగా, బయట అడ్డంగా తుడవండి, చివరికి చార కనిపిస్తే ఏ వైపుదో ఇట్టే తెలుస్తుంది. మైక్రోఫైబర్ గుడ్డల్ని ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్‌లో ఉతకొద్దు, ఆ జిడ్డంతా తిరిగి అద్దానికే వస్తుంది. సన్ ఫిల్మ్ ఉన్న అద్దాలకు అమోనియా ఉన్న క్లీనర్ జోలికి పోకండి.

ఇవన్నీ చేశాక కూడా వైపర్ తిరిగే చోట విల్లు ఆకారంలో సన్నటి మసక మిగిలినా, ఉప్పునీటి మరకలు వెనిగర్‌కి లొంగకపోయినా, అప్పుడు సీరియం.

ఇది ఇసుక కాగితంలా గీకేసే సరుకు కాదు. తడిగా ఉన్నప్పుడు అద్దంలోని సిలికాతో రసాయనికంగా కలిసి, పై పొరను అతి పల్చగా మెత్తబరిచి తీసేస్తుంది. లెన్సులు, టెలిస్కోపు అద్దాలకు ఒకప్పుడు రూజ్ అనే ఐరన్ ఆక్సైడ్ వాడేవాళ్లు, సీరియం అంతకన్నా వేగంగా పనిచేయడంతో దాని స్థానం ఇది తీసుకుంది. అందుకే నీరు లేకపోతే దీనికి పనే లేదు. ప్యాడ్ ఎండిపోతే పాలిష్ ఆగిపోయి వేడి మాత్రం మిగులుతుంది. విండ్‌షీల్డ్ అంటే రెండు అద్దాల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది, దానికి ఒకేచోట వేడెక్కించడం అస్సలు పడదు, పగిలే ప్రమాదం ఉంది. నేను ఎప్పుడూ నీడలోనే, పాలిషింగ్ మెషీన్‌ని తక్కువ స్పీడులో పెట్టి, ఒక అడుగు చదరం చొప్పున చేస్తాను, మధ్యమధ్యలో చేత్తో తాకి చూస్తాను. గోరువెచ్చగా అనిపిస్తే ఆపేయాల్సిందే. ఇప్పటికే రాయి తగిలి చిన్న పగులున్న అద్దమైతే మొదలే పెట్టొద్దు.

పొడిని నీళ్లలో పల్చటి పెరుగులా కలుపుకుంటే చాలు, కాసేపటికి అడుగున పేరుకుంటుంది కాబట్టి ఊరికే కలుపుతూ ఉండాలి. కార్ పెయింట్‌కి వాడే ఫోమ్ ప్యాడ్‌తో పెద్దగా ఫలితం రాదు. ఫెల్ట్ లేదా రేయాన్ ప్యాడ్ కావాలి, ఈ తేడా చాలామంది అమ్మేవాళ్లు చెప్పరు. ప్యాడ్ కింద పడితే మళ్లీ వాడకండి. అద్దం గట్టిదనం మోస్ స్కేలు మీద సుమారు 5.5, మామూలు ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7, ఒక్క రేణువు చాలు ఇప్పటిదాకా చేసింది పాడవడానికి. ఇక చుట్టూ చింది పడటం! ఈ పొడి మీద నాకున్న అసలు కోపం ఇదే. రబ్బరు అంచుల్లో, బానెట్ సందుల్లో, వైపర్ల కింద తెల్లగా ఎండిపోతుంది, మాస్కింగ్ టేపు, పాత దుప్పటి లేకుండా మొదలుపెడితే పాలిష్ కన్నా కడగడానికే ఎక్కువ టైమ్ పడుతుంది.

మెషీన్ లేకుండా చేత్తో రుద్దితే అవుతుందా అంటే, మొండి జిడ్డు, తేలికపాటి నీటి మరకల వరకు అవుతుంది. వైపర్ గీతలకు చేత్తో రుద్దడం భుజం నొప్పి తప్ప ఇంకేం ఇవ్వదు. మెషీన్‌తో కూడా సన్నటి మసక పోతుందే కానీ గోరు ఆనే గీత పోదు. దాన్ని పోగొట్టాలని అక్కడే రుద్దుతూ కూర్చుంటే అద్దంలో చిన్న గుంట పడుతుంది, తల కాస్త కదిపితే చాలు రోడ్డు వంకరపోయినట్టు కనిపిస్తుంది. డ్రైవర్ కళ్లెదుట అలాంటి గుంట కన్నా గీతే నయం. టూత్‌పేస్ట్, వంటసోడా చిట్కాల గురించి కూడా ఒక మాట: వంటసోడా అద్దం కన్నా చాలా మెత్తనిది, జిడ్డు తీస్తుంది, గీత తీయడం దాని వల్ల కాదు. జిడ్డు పోయి అద్దం మెరిసేసరికి గీతలు పోయాయని సంబరపడుతుంటారు.

పాలిష్ చేశాక ఎన్నాళ్లుంటుంది? అద్దం దానంతట అది మళ్లీ మసకబారదు, మనం వాడే తీరే మసకబారుస్తుంది. దుమ్ము పట్టిన పొడి అద్దం మీద వైపర్ వేయడం అన్నిటికన్నా చెడ్డది. ముందు వాషర్ నీళ్లు, తర్వాతే వైపర్. రబ్బరు అంచుని తడిగుడ్డతో తుడిస్తే నల్లటి మడ్డి వస్తుంది, అది పోయాక చాలా చారలు వాటంతట అవే మాయమవుతాయి. ఆ అలవాటు వచ్చాక నాకు సీరియం డబ్బా తీయాల్సిన అవసరం బాగా తగ్గింది, నెలనెలా చేసే పని కాదిది.

వాన కోటింగ్ ముందు అద్దానికి వేయడం మానేశాను. హైవే మీద స్పీడులో చుక్కలు ఎగిరిపోతుంటే అద్భుతంగానే ఉంటుంది, ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదులుతున్నప్పుడు అవే చుక్కలు అలాగే నిలిచిపోయి రాత్రి ప్రతి లైటునీ చిందరవందర చేస్తాయి. పైగా వైపర్ తిరిగే చోట ముందు అరిగిపోయి, రబ్బరు టకటకమని ఎగరడం మొదలవుతుంది. పక్క అద్దాలకు, సైడ్ మిర్రర్లకు మాత్రం ఇప్పటికీ వేస్తాను, అక్కడ వైపర్ లేదు కాబట్టి దాని సుఖమే వేరు.

ఇక హైవేల మీద ఎక్కువ తిరిగిన కార్ల అద్దాలకు సన్నటి రాళ్లు తగిలి సూదిమొన గుంటలు పడతాయి, ఎండకి ఎదురుగా చూస్తే మిలమిలా మెరుస్తాయి. వాటికి సీరియం కాదు కదా, ఏ పాలిషూ పనిచేయదు, ఎందుకంటే ఆ గుంటల లోతు దాకా మొత్తం అద్దాన్ని అరగదీయలేం. అవి కళ్లెదుట ఎక్కువైతే పొడి మీద డబ్బు పెట్టకుండా అద్దం మార్పించడమే దారి. అద్దం వెనక, మిర్రర్ దగ్గర కెమెరా ఉన్న కారైతే మార్చాక కాలిబ్రేషన్ (కెమెరా సరిగ్గా చూసేలా మళ్లీ సెట్ చేయడం) చేయాలా అని ముందే అడిగి, చేస్తామన్న చోటే వేయించుకోండి.