సల్ఫేటా, నైట్రేటా: పాఖాల బురదకు ఏది పెట్టాలి?

ఆక్సిజన్ లేకుండా మీథేన్ తినే సూక్ష్మజీవుల్ని సీసాలో పెంచాలంటే, ఆక్సిజన్‌కు బదులు ఏమిస్తామన్నదే అసలు ప్రశ్న.

సముద్రపు అడుగు బురదలో సల్ఫేట్‌దే రాజ్యం. సముద్రపు నీటిలో అది లీటరుకు సుమారు 28 మిల్లీమోల్స్. అక్కడ కొన్ని ఆర్కియాలు (బ్యాక్టీరియాలా కనిపించినా వేరే వర్గపు సూక్ష్మజీవులు), సల్ఫేట్‌తో బతికే బ్యాక్టీరియా గుత్తులుగా చేరి పని పంచుకుంటాయి. 2000లో శాస్త్రవేత్త బోటియస్ బృందం పసిఫిక్ అడుగునున్న హైడ్రేట్ రిడ్జ్ బురదలో ఈ జతను చూపింది. చిక్కంతా ఓపికతోనే: దక్కే శక్తి బొటాబొటి, రెట్టింపవడానికి నెలలు. పైగా సల్ఫైడ్ పేరుకుంటే పని మందగిస్తుంది, అప్పుడప్పుడు నీరు మార్చాలి.

పాఖాల లాంటి మంచినీటి చెరువుకైతే నైట్రేట్‌కే నా ఓటు. మిథనోపెరెడెన్స్ అనే ఆర్కియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది, మిథైలోమిరాబిలిస్ అనే బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను వాడుకుంటుంది. లీటరుకు 1 మిల్లీమోల్ నైట్రేట్‌తో మొదలుపెట్టి, అయిపోయాకే మళ్లీ వేయాలి. ఒకేసారి గుమ్మరిస్తే నైట్రైట్ పోగై వాటికే విషమవుతుంది.

దేనికైనా బ్యూటైల్ రబ్బరు బిరడా, ఆర్గాన్ ఊది గాలిని తరిమేయడం తప్పవు. సల్ఫేట్ సీసాలో రెసజురిన్ (ఆక్సిజన్‌ను పట్టిచ్చే సూచిక) గులాబీ రంగుకొస్తే గాలి దూరినట్టే, నైట్రేట్ సీసాలో మాత్రం ఆ రంగును నమ్మలేం. మీథేన్ తగ్గిందని సంబరపడొద్దు, బిరడా కారుతుండొచ్చు. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరి పాత్రలో) సూక్ష్మజీవుల్ని చంపిన బురదతో పోలికకు ఇంకో సీసా పక్కన పెట్టి, రెంటిలోనూ కార్బన్-13 (గుర్తుపట్టగలిగే బరువైన కార్బన్) ఉన్న మీథేన్ ఎక్కించి, ఆ కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌లో తేలిందా లేదా చూడాలి.