పంజాగుట్ట వైపు మామోగ్రామ్ సెంటర్: నాలుగు స్టార్లు ఇస్తా, ఒకటి కోశా

పేరు రాయట్లేదు, పంజాగుట్ట వైపు వెళ్లేవాళ్లకి అర్థమైపోద్ది. పోయిన నెల మా వదినని తీసుకెళ్లా. అంతకుముందు దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి దగ్గరే ఒక చోట స్కాన్ చేయిస్తే కుడి రొమ్ములో పైన లోపలి వైపు గడ్డ, బైరాడ్స్ 5 అని రాసి కవర్లో పెట్టిచ్చారు, కౌంటర్లో అమ్మాయేమో రిపోర్ట్ చూసి "క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి పోండి ఆంటీ" అనేసింది. బైరాడ్స్ 5 అంటే క్యాన్సర్ అయ్యే ఛాన్స్ 95 శాతం, ఆపైనే అని ఫోన్లో చదివాక ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలే. వదిన మాత్రం మర్నాటికి ఇడ్లీ పిండి రుబ్బుకుంటా కూర్చుంది.

ఇక్కడ రేడియాలజీ మేడం పాత ఫిల్ములు చూసి మళ్లీ తనే అల్ట్రాసౌండ్ చేశారు. గడ్డ అంచులు ముళ్లలాగా, వెనక నల్లటి నీడ, చూడ్డానికి అచ్చం క్యాన్సర్ లాగే ఉందని దాచకుండా చెప్పి, "కానీ బొమ్మ చూసి పేరు పెట్టెయ్యం అమ్మా, ముక్క తీసి చూడాల్సిందే" అన్నారు. ట్రూకట్ బయాప్సీ, అంటే లావు సూదితో గడ్డలోంచి ముక్క తీయడం. సూది గన్‌ని ముందు గాల్లో ఒకసారి నొక్కి ఆ సౌండ్ వినిపించారు, పెద్ద స్టేప్లర్ కొట్టినట్టు టప్‌మంటది, లోపల మొదటిసారి విని ఉలిక్కిపడకుండా అన్నమాట. వచ్చిన ముక్కలు సేమియా పుల్లల్లా ఉన్నాయి, ముక్కలు పాడవకుండా ఉంచే ఫార్మలిన్ డబ్బాలో వేసిన టైమ్ కూడా మూత పక్కన రాసుకున్నారు.

మూడో రోజు ఫోన్: బినైన్, అంటే క్యాన్సర్ కాదు, గ్రాన్యులార్ సెల్ ట్యూమర్ అనే గడ్డ. నమ్మబుద్ధి కాలే. స్కాన్ 5 అంటూ బయాప్సీ మామూలు గడ్డే అంటే, సూది అసలు గడ్డకి తగిలిందా అనే డౌట్ డాక్టర్లకే వస్తదంట, మామూలుగా అయితే మళ్లీ ముక్క తీయడమో ఏకంగా ఆపరేషన్ చేయడమో చేస్తారంట. వీళ్లు మాత్రం పాథాలజీ సార్, ఈ మేడం ఇద్దరూ కూర్చుని స్కాన్, స్లైడ్ పక్కపక్కన పెట్టుకుని, ఈ రకం గడ్డ స్కాన్‌లో ఇలాగే మోసం చేస్తది కాబట్టి రెండూ సరిపోయాయని తేల్చారు, నా నాలుగు స్టార్లు దీనికే. సార్ స్క్రీన్ మీద చూపించారు కూడా, పెద్ద పెద్ద కణాలు, ఒక్కోదాని నిండా గులాబీ రంగు బొంబాయి రవ్వ పోసినట్టు. ఐహెచ్‌సీ అని, ముక్కలో ఏ ప్రోటీన్ ఉందో రంగు పట్టించి చూసే టెస్ట్ చేశారు: నరాల వైపు కణాల్లో ఉండే ఎస్-100 గోధుమ రంగు పట్టింది, రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఉండే సైటోకెరాటిన్ పట్టలే. పాల గ్రంథులకి దీనికి సంబంధమే లేదంట, నరాల చుట్టూ ఉండే ష్వాన్ కణాల నుంచి పుడుతుందంట. 1926లో దీని గురించి రాసిన అబ్రికోసాఫ్ అనే రష్యన్ డాక్టర్ ఇది కండరంది అనుకున్నాడంట, అంత పెద్దాయనే పొరబడ్డాడు ఇంక మనమెంత.

వెయిటింగ్ హాల్లో కలిసిన ఒకావిడది దీనికి రివర్స్. స్కాన్‌లో గుండ్రంగా, నున్నగా ఉంది, ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని మామూలు గడ్డ అని ఊరుకుంటే కొన్ని నెలల్లో నిమ్మకాయంతది బత్తాయంత అయింది, తీస్తే ఫిల్లోడిస్ అనే వేరే రకం రొమ్ము గడ్డ అని తేలింది. మైక్రోస్కోప్‌లో ఆకుల్లా కనబడతదని ఆ పేరంట. దాంట్లో బినైన్, బోర్డర్‌లైన్, మాలిగ్నెంట్ (క్యాన్సర్) మూడు రకాలున్నాయి, ఆవిడది బినైనే.

ఇంక స్టార్ కోసింది ఎందుకంటే, ఐహెచ్‌సీకి వేరే బిల్లని ముందు ఒక్కరూ చెప్పలే, రిపోర్ట్ తీసుకునేటప్పుడు కౌంటర్లో తాపీగా "ఇంకా కట్టాలి మేడం" అన్నారు. పార్కింగ్ గురించి అడక్కండి, మెట్రోలో రండి. స్లైడ్లు, ముక్కని మైనంలో పెట్టి దాచిన బ్లాకులు మాత్రం అడగ్గానే సంతకం పెట్టించుకుని ఇచ్చేశారు, సర్జన్ అవే అడిగారు. చుట్టూ కాస్త మంచి కండతో కలిపి గడ్డ తీసేశారు, కీమో లేదు రేడియేషన్ లేదు, వదిన మళ్లీ రుబ్బురోలు దగ్గరే.

వెళ్లేవాళ్లు ఆ రోజు చంకల్లో పౌడర్, డియోడరెంట్ కొట్టుకోకండి, మామోగ్రామ్‌లో తెల్ల చుక్కల్లా పడి కాల్షియం అనుకుంటారు. మా వదిన నిండా పౌడర్ వేసుకుని వచ్చింది, సిస్టర్ తడిగుడ్డతో తుడిచి తుడిచి, "ఆంటీ పెళ్లికి వచ్చారా స్కాన్‌కి వచ్చారా" అంది.