మూడిల్ క్విజ్‌లో హెచ్‌5పీ పెట్టాలా, సొంత డ్రాగ్ ప్రశ్నలే చాలా: ఏది మేలు?

మూడిల్‌లో (ఆన్‌లైన్‌లో పాఠాలు, పరీక్షలు పెట్టుకునే సాఫ్ట్‌వేర్) కోర్సులు నడిపే టీచర్లు తరచూ అడిగేది ఇది: క్విజ్ అంటే నాలుగు ఆప్షన్లలో ఒకటి నొక్కడమేనా, పిల్లలు బొమ్మ మీద పేర్లు లాగి పెట్టేలా, వీడియో మధ్యలో ఆగి జవాబు చెప్పేలా చేయలేమా అని. చేయొచ్చు, అందుకు మూడు దారులున్నాయి. క్విజ్‌లో ముందే ఉన్న డ్రాగ్ అండ్ డ్రాప్ ప్రశ్నలు వాడటం, క్విజ్ ప్రశ్న లోపల హెచ్‌5పీని (లాగి పెట్టే బొమ్మలు, మధ్యలో ప్రశ్నలు వచ్చే వీడియోల్లాంటివి తయారుచేసే సాధనం) ఎంబెడ్ చేయడం, అంటే పొదగడం, హెచ్‌5పీని క్విజ్ బయట విడి యాక్టివిటీగా పెట్టడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మార్కులు లెక్కలోకి వచ్చే పరీక్షకి మొదటిది, ప్రాక్టీస్‌కి మూడోది. రెండోది వద్దు.

చూడటానికి అన్నిటికంటే బాగుండేది ఆ రెండోదే కాబట్టి దాని సంగతి ముందు. గుండె బొమ్మ మీద కర్ణికలు, జఠరికలు, బృహద్ధమని పేర్లు లాగి పెట్టే హెచ్‌5పీ తయారుచేసి క్విజ్ ప్రశ్నలో పెట్టారనుకోండి. పిల్లవాడు అన్నీ సరిగ్గా పెట్టి చెక్ నొక్కితే ఐదుకి ఐదు అని పచ్చగా కనిపిస్తుంది, తర్వాత క్విజ్ సబ్మిట్ చేస్తే ఆ ఐదు ఎక్కడా ఉండవు. కారణం సులువే: హెచ్‌5పీ లెక్క హెచ్‌5పీదే, క్విజ్ లెక్క క్విజ్‌దే, ఎంబెడ్ చేసినంత మాత్రాన స్కోరు క్విజ్ మార్కుల్లోకి చేరదు. క్విజ్ జవాబుల్ని మూడిల్ మామూలుగా నిమిషానికోసారి తనంతట తానే సేవ్ చేస్తుంది కదా, లోపలి హెచ్‌5పీలో లాగి పెట్టినవి ఆ సేవ్‌లోకీ రావు. ఇక మీరు రివ్యూ తెరిస్తే ఖాళీ గుండె బొమ్మే కనిపిస్తుంది, ఆ పిల్లవాడు ఏ పేరు ఎక్కడ పెట్టాడో తెలుసుకునే దారి ఉండదు. "సార్, నాకు ఫుల్ మార్కులు వచ్చాయి, రిజల్ట్‌లో లేవు" అని వాడు అడిగితే ఏం చెప్తాం?

ఇంకో చిక్కు ఉంది, ఇది విడి యాక్టివిటీకి కూడా వర్తిస్తుంది. హెచ్‌5పీ మార్కులు వేసేది సర్వర్‌లో కాదు, పిల్లల బ్రౌజర్‌లోనే. అంటే సరైన జవాబులు ముందే ఆ పేజీతో పాటు వాళ్ల కంప్యూటర్‌కి వెళ్లిపోతాయి, కాస్త తెలిసిన కుర్రాడు వెతికితే దొరుకుతాయి. ప్రాక్టీస్‌లో దాంతో నష్టం లేదు. ఇంటర్నల్ మార్కులకి మాత్రం ఇది అస్సలు పనికిరాదు.

మూడిల్ సొంత ప్రశ్నలు అంత అందంగా ఉండవు, నిజమే. కానీ బొమ్మ మీదకి లాగడం, వాక్యంలోకి లాగడం, బొమ్మలో చోటు గుర్తించడం, ఈ మూడూ 2015లో వచ్చిన మూడిల్ 3.0 వెర్షన్ నుంచీ కోర్‌లోనే, అంటే మూడిల్‌తో పాటే వస్తున్నాయి, విడిగా ప్లగిన్ అక్కర్లేదు. అదే గుండె బొమ్మ ఇక్కడ పెడితే ఐదు పేర్లలో మూడు సరిపోతే ఐదింట మూడు వంతుల మార్కులు పడతాయి, తప్పుదారి పట్టించే పేర్లు రెండు అదనంగా వేయొచ్చు, క్వశ్చన్ బ్యాంక్ నుంచి ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ ర్యాండమ్‌గా వచ్చేలా చేయొచ్చు. వెంటనే ఫీడ్‌బ్యాక్ కావాలంటే ఇంటరాక్టివ్ విత్ మల్టిపుల్ ట్రైస్ అనే సెట్టింగ్ ఉంది, ప్రతి తప్పు ప్రయత్నానికీ సూచన చూపించి కొంత మార్కు తగ్గిస్తుంది. పరీక్ష అయ్యాక ఏ ప్రశ్న దగ్గర ఎక్కువమంది తప్పారో స్టాటిస్టిక్స్ రిపోర్ట్‌లో కనిపిస్తుంది, టీచర్‌కి నిజంగా అక్కరకొచ్చేది అదే. ఫోన్‌లో మాత్రం చిన్న బొమ్మ మీద వేలితో లాగడం కష్టం, కాబట్టి పేర్లు పొట్టిగా, పెట్టే చోట్లు దూరదూరంగా ఉంచండి.

ఖాళీలు పూరించే ప్రశ్నల్లో హెచ్‌5పీకి ఒక మంచి గుణం ఉంది, తెలుగులో టైప్ చేయించేవాళ్లకి మరీను. క్విజ్‌లో షార్ట్ ఆన్సర్ అయితే మీరు హీమోగ్లోబిన్ అని ఇచ్చి, పిల్లలు హిమోగ్లోబిన్ అని కొడితే సున్నా, అందుకే రెండు రూపాలూ మీరే ముందుగా ఇవ్వాలి. హెచ్‌5పీలో చిన్న స్పెల్లింగ్ తప్పుల్ని ఒప్పుకునే ఆప్షన్ ఉంది: 3 నుంచి 9 అక్షరాల జవాబులో ఒక తప్పు, అంతకు మించితే రెండు. అయితే గుణింతపు గుర్తుని కూడా అది విడి అక్షరంగానే లెక్కేస్తుంది కాబట్టి పాలు అని రాయాల్సిన చోట పలు అని రాసినా సరే అంటుంది. సైన్స్‌లో ఫర్వాలేదు, తెలుగు క్లాసులో ఆ ఆప్షన్ జోలికి వెళ్లకండి.

వీడియో మధ్యలో ప్రశ్న కావాలంటే మాత్రం హెచ్‌5పీ ఇంటరాక్టివ్ వీడియోకి సాటి క్విజ్‌లో ఏదీ లేదు. 2020లో వచ్చిన మూడిల్ 3.9 నుంచి హెచ్‌5పీ యాక్టివిటీ కూడా కోర్‌లోనే ఉంది, దాని స్కోరు గ్రేడ్‌బుక్‌లోకి (కోర్సు మార్కుల పట్టిక) నేరుగా వెళ్తుంది. కాబట్టి నేను చెప్పే అమరిక ఇది: ముందు వీడియో, గుండె బొమ్మ హెచ్‌5పీలో, ఎన్నిసార్లయినా చేసుకునేలా. దాని తర్వాత క్విజ్. క్విజ్ సెట్టింగ్స్‌లోని రిస్ట్రిక్ట్ యాక్సెస్‌లో, హెచ్‌5పీలో 60 శాతం వస్తేనే క్విజ్ తెరుచుకునేలా పెట్టండి, ఆ హెచ్‌5పీ స్కోరు మొత్తంలో కలవకుండా గ్రేడ్‌బుక్‌లో దాని వెయిట్ సున్నా చేయడం మర్చిపోవద్దు.