చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డతో ఆరుబయటికి: ఋషికొండ ఇసుకా, అరకు టెంటా, అరకులో గదా?

విశాఖ వాళ్ళకి సెలవు దొరికితే రెండే దారులు: బీచ్ రోడ్డు, లేదా ఘాట్ రోడ్డు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం) ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే అదే ప్రశ్న కాస్త బరువుగా వస్తుంది. ఇక్కడ ఎనిమిది, పదేళ్ళ బిడ్డని దృష్టిలో పెట్టుకుని పోలుస్తున్నాం. బరువు పాతిక కిలోల దాకా ఉంటుంది, నడవలేదు, డైపర్ వాడకం ఉంది, ఫిట్స్ మందు రోజుకి రెండు పూటలా పడాలి.

బయలుదేరే ముందు చాలామంది అడిగేది దారి ఎలా ఉంది, భోజనం ఎక్కడ అని. వాటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: డైపర్ ఎక్కడ మారుస్తాం? చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని మార్చేయొచ్చు. పాతిక కిలోల బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి, అదీ శుభ్రమైన చోట, చాటుగా, మీ నడుము విరగని ఎత్తులో. టాయిలెట్ గచ్చు మీద పడుకోబెట్టాల్సిన గతి ఏ తల్లికీ రాకూడదు. మూడు చోట్లనీ ఈ ఒక్క ప్రశ్నతో జల్లెడ పడితే సగం తేలిపోతుంది.

ఋషికొండతో మొదలుపెడదాం. 2020లో ఈ బీచ్‌కి బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు షరతుల్లో దివ్యాంగులకి దారి, సౌకర్యాలు కూడా ఉన్నాయి. అయినా ముందు రోజు ఇంట్లో ఒకరు టేపు పట్టుకుని వెళ్ళి, కుర్చీ ఎక్కడి దాకా పోతుందో, టాయిలెట్ తలుపు ఎంత వెడల్పో కొలిచి రావడం మేలు. ఊరికి దగ్గర కాబట్టి పని చెడితే అరగంట, ముప్పావుగంటలో ఇంట్లో ఉంటారు. మొదటి ప్రయాణానికి ఇంతకన్నా పెద్ద సుగుణం లేదు.

ఇబ్బందల్లా ఇసుకే. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, పొడి ఇసుకలో రెండడుగులకే కూరుకుపోతాయి. ముందుకి నెట్టేకొద్దీ ఇంకా దిగుతాయి, బిడ్డ ముందుకి తూలుతుంది. అందుకని కుర్చీని వెనక్కి తిప్పి, కాస్త వాల్చి, ముందు చక్రాలు గాల్లోకి లేచేలా పెద్ద చక్రాల మీద వెనక్కి లాగాలి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు ఎదురుగా నడుస్తూ బిడ్డ కాళ్ళు జారకుండా చూసుకోవాలి. ఇంకా తేలికైన పద్ధతి ప్లైవుడ్ పలకలు. 12 మిల్లీమీటర్ల మందం, నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్నవి మూడు చాలు. రెంటి మీద కుర్చీ నడుస్తుంటే వెనక వదిలిన మూడోదాన్ని తెచ్చి ముందు పరుస్తూ పోవాలి. యాభై అడుగులు పోవడానికి పది నిమిషాలు పట్టినా ఎవరి నడుమూ పట్టెయ్యదు.

తడి ఇసుక గట్టిగా ఉంటుంది కదా అని కుర్చీని అలల దాకా తీసుకెళ్ళకండి. వెనక్కి పోయే అల చక్రం కింద ఇసుకని తవ్వుకుపోతుంది, కుర్చీ ఒక పక్కకి ఒరుగుతుంది, అప్పటికి బిడ్డ బెల్టుతో కట్టేసి ఉంటుంది. పైగా ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ. తడి గీతకి కనీసం పది అడుగులు ఇవతలే ఆగి, చిన్న బకెట్టుతో సముద్రపు నీళ్ళు తెచ్చి బిడ్డ పాదాల మీద పోయండి. ఆ చల్లదనానికి వేళ్ళు ముడుచుకుని విచ్చుకోవడం చూస్తే, పది అడుగుల దూరం లోటుగా అనిపించదు.

చాటు కోసం నాలుగు వెదురు కర్రలు, రెండు పాత చీరలు, లోపల ఒక మడత మంచం చాలు. ఇసుక రేణువు డైపర్లో పడితే రాపిడికి చర్మం లేచిపోతుంది, అందుకని మార్చేవాళ్ళు ముందు తమ చేతులు కడుక్కోవాలి. ఎండ సంగతి మరీ ముఖ్యం. టోపిరమేట్, జోనిసమైడ్ లాంటి ఫిట్స్ మందులు కొందరు పిల్లల్లో చెమటని తగ్గిస్తాయి, దాంతో ఒళ్ళు చల్లబడే దారి మూసుకుపోతుంది. తెల్లారేసరికి బీచ్‌లో ఉండి తొమ్మిదికల్లా లేచిపోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అసలు వద్దు. ఇంటికొచ్చాక కుర్చీ చక్రాల్ని మంచినీళ్ళతో మగ్గుతో కడిగి, తుడిచి, బేరింగుల్లో రెండు చుక్కల నూనె వెయ్యండి. పైపు పెట్టి గట్టిగా కొడితే ఉప్పు, ఇసుక ఇంకా లోపలికి పోతాయి.

ఇక అరకు టెంట్. పిల్లలకి టెంటంటే ఎంత ఆశో చెప్పక్కర్లేదు. తోటి పిల్లలు పడుకున్న చోటే పడుకోవాలన్న కోరిక ఈ బిడ్డకి మాత్రం ఎందుకుండదు? కానీ మొదటిసారికి మా ఓటు దీనికి లేదు. అద్దెకిచ్చే గుండ్రటి టెంట్లు నడిమధ్యన కూడా నాలుగైదు అడుగుల ఎత్తే ఉంటాయి. లోపల మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, నేల మీది బిడ్డని ఎత్తాలి. రాత్రి పక్క మార్చడానికి రెండు గంటలకోసారి లేచేవాళ్ళకి ఆ ఎత్తుడు తెల్లారేసరికి ఎన్నిసార్లవుతుందో లెక్కేసుకోండి. గుమ్మం దగ్గర జిప్పు కింద గుడ్డ అంచు చక్రాలకి అడ్డం పడుతుంది. టాయిలెట్ టెంటుకి దూరంగా, చాలాచోట్ల మెట్ల మీద ఉంటుంది.

అన్నిటికన్నా చలి. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పడిపోతుంది. చలికి కండరాలు ఇంకా బిగుసుకుంటాయి, బిగుసుకుంటే నొప్పి, నిద్ర లేమి, నిద్ర చాలకపోతే ఫిట్స్. మాట రాని బిడ్డ చలిగా ఉందని చెప్పలేదు. కాళ్ళు, పొట్ట తాకి చూస్తుండాలి. చలిమంట దగ్గర కూర్చోబెడితే స్పర్శ తక్కువున్న కాళ్ళు కాలినా తెలియదు, పొగకి ఆయాసం వస్తుంది. నెబ్యులైజరో (మందుని ఆవిరిలా పీల్పించేది), సక్షన్ మెషినో (గొంతులో కఫం లాగేది) వాడే బిడ్డయితే టెంటులో కరెంటు ప్లగ్గు లేకపోవడమే చాలు, ఆ మాట అక్కడితో వదిలెయ్యాలి. వానాకాలంలో ఏజెన్సీలో మలేరియా భయం కూడా ఉంది.

మూడోది అరకులోనే గది తీసుకుని పగలంతా ఆరుబయట ఉండటం. రెండో ప్రయాణానికి మేం చెప్పేది ఇదే. గది బుక్ చేసేటప్పుడు "వీల్‌చెయిర్ వస్తుందా?" అని అడిగితే "వస్తుందండీ" అనే అంటారు. అలా అడక్కండి. బాత్రూం తలుపుకి టేపు అడ్డం పెట్టి ఫోటో పంపమనండి. రెండడుగుల తలుపులే ఎక్కువ, కుర్చీ చక్రాలతో కలిపి 22 అంగుళాలుంటే మీ చేతివేళ్ళకి చోటుండదు. మెట్లెన్నో లెక్కపెట్టించండి. ఆరంగుళాల మెట్టుకి సరైన వాలు కావాలంటే ఆరడుగుల పలక ఉండాలి, ఒక అడుగుకి పన్నెండడుగులు లెక్క. రెండు మెట్లు దాటితే పలకతో పనికాదు, ఇద్దరు పట్టి ఎత్తాల్సిందే.

పగటిపూట గడ్డి మీద, పందిరి కింద అదే మడత మంచం వేసి, నాలుగంగుళాల ఫోమ్ పరిచి, పైన చిన్న టెంటు గుడ్డ కట్టండి. బిడ్డకి టెంటు ముచ్చటా తీరుతుంది, రాత్రికి వెచ్చటి గదీ ఉంటుంది. పద్మాపురం గార్డెన్స్, రోడ్డు పక్కనే ఉండే గాలికొండ వ్యూ పాయింట్ ఈ పిల్లలకి అనువు. బొర్రా గుహల్లో మెట్లు చాలా, కుర్చీ దిగదు. వంజంగి కొండ కూడా అంతే. బొంగు చికెన్ మిగతావాళ్ళకి సరే, నమలలేని బిడ్డకి చోడి అంబలి, మెత్తటి పెరుగన్నం ఇంటినుంచే ఫ్లాస్కులో పట్టుకెళ్ళాలి.

అరకుకి రోడ్డా, రైలా? శృంగవరపుకోట దాటాక మలుపుల్లో వాంతి అయితే, అప్పుడే వేసిన ఫిట్స్ మందు కూడా పోతుంది. అసలు ప్రమాదం వాంతి కాదు, ఆ పోయిన డోసు. మందు వేసిన ఎంతసేపట్లో వాంతి అయితే మళ్ళీ వెయ్యాలో బయలుదేరే ముందే డాక్టరుని అడిగి కాగితం మీద రాయించుకోండి. రైల్లో మలుపులు మెల్లగా తిరుగుతాయి, కాళ్ళు చాపి పడుకోబెట్టొచ్చు. విశాఖ నుంచి కిరండూల్ రైలు ఉదయం ఏడుకి ముందే బయలుదేరుతుంది, అరకుకి నాలుగు గంటల దారి. తోడు లేకుండా ప్రయాణించలేని దివ్యాంగులకి రైల్వే రాయితీ కార్డుంటే సెకండ్ క్లాసు, స్లీపర్లలో బిడ్డకీ, తోడొచ్చే ఒకరికీ 75 శాతం తగ్గింపు ఉంది. కొత్తవలస–కిరండూల్ లైను మీద 58 సొరంగాలున్నాయి. చీకటికీ, హోరుకీ బెదిరే బిడ్డయితే చెవులకి కప్పులు, చేతిలో చిన్న టార్చి ఉంచాలి.

ఫిట్స్ ఆపడానికి డాక్టరు రాసిన మిడజొలామ్ ముక్కు స్ప్రే తల్లి భుజాన ఉన్న సంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అరకు నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి మూడు గంటల పైనే. ఫిట్స్ ఈ మధ్యే అదుపు తప్పిన బిడ్డయితే, మందు మార్చిన తొలివారాలైతే, ఈసారికి ఋషికొండే.

ఇదంతా నడవలేని బిడ్డ లెక్క. ఆటిజం ఉండి పరుగెత్తే బిడ్డకి ఈ వరస తిరగబడుతుంది. ఆ పిల్లల్లో చాలామందిని నీళ్ళు లాగేస్తాయి, ఒక్క క్షణం కన్ను మళ్ళితే అలల్లో ఉంటారు. వాళ్ళకి గేటు ఉన్న అరకు గదే ముందు, సముద్రం తర్వాత. సముద్రానికి వెళ్ళిన రోజున బిడ్డ చెయ్యి పట్టుకోవడం తప్ప ఇంకో పని లేని పెద్దమనిషి ఒకరు తోడుండాలి.